మిరప సీమ భోజన హోటళ్లు: గుంటూరు, ప్రకాశం నుంచి కొత్త ఊళ్లకు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో భోజన హోటల్‌కు ఒక తీరు ఉంది. అరిటాకో స్టీలు పళ్లెమో వేసి, కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర పచ్చడి, ఒక వేపుడు, ఒక పులుసుకూర, సాంబారు, రసం, పెరుగు వరసగా వడ్డిస్తారు. అన్నం అడిగినంత. కోడి వేపుడో, రొయ్యల ఇగురో కావాలంటే విడిగా చెప్పుకోవాలి. వచ్చినవాడు అరగంటలో తిని లేస్తాడు, ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. ఇలాంటి మామూలు భోజనశాల ఎలా నడుస్తుంది, ఒక ఊళ్లో పేరు తెచ్చుకున్నాక మరో ఊరికి ఎలా వెళుతుంది అన్నది ఈ వ్యాస విషయం. ఇదే కారాన్ని నమ్ముకుని ఖండాలు దాటిన థాయ్ భోజనశాలను ఇక్కడ పక్కన పెట్టి చూడడానికి కారణం ఉంది. రెండు వంటలకూ మిరపే ప్రాణం. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో థాయ్‌లాండ్ ఒకటి. థాయ్ వారు ప్రభుత్వం వెనక నిలబడగా విస్తరించారు, మనవారు ఎవరి తంటాలు వారే పడి విస్తరించారు.

2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో ఈ మైదానం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పరుచుకుంది. వ్యాసంలో పాత జిల్లాల పేర్లనే వాడాము.

పూటకూళ్ల ఇంటి నుంచి

డబ్బు తీసుకుని అన్నం పెట్టడం తెలుగునాట కొత్తగా వచ్చిన వ్యాపారం కాదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగే ఇద్దరు మిత్రులు పూటకూటి ఇంటి భోజనం గురించి మాట్లాడుకుంటారు. ఒక్క రూకకు అక్కడ ఏమేమి వడ్డిస్తారో కవి నోరూరేలా వర్ణించాడు. కథ జరిగేది ఓరుగల్లులోనైనా కవి ఇంటిపేరుగా నిలిచిన వినుకొండ మాత్రం ఈ మైదానపు పడమటి అంచున ఉన్న ఊరే.

ఒంగోలుకు ఇంకా దగ్గరి కథ ఉంది. టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ పిల్లలను తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు నడిపారు. ఆ వృత్తిని అప్పటి సంఘం చిన్నచూపు చూసేది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి బాల్యం ఆ సంపాదన మీద గడిచింది. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లా, ఆ రకంగా ఒక పూటకూళ్లమ్మ కొడుకు పేరు మోస్తోంది. మన హోటళ్ల చరిత్ర రాసేవారు సాధారణంగా కాఫీ క్లబ్బులతో, ఉడిపి హోటళ్లతో మొదలుపెడతారు. వాటికి ముందే పొయ్యి రాజేసి, పద్దు రాసుకుని, అరువు వసూలు చేసుకున్న ఈ స్త్రీలను ఆ చరిత్రలో మొదటి పుటలో ఉంచాలి.

తరవాతి ఎదుగుదలకు పంటల వ్యాపారం ఊతమిచ్చింది. పత్తి జిన్నింగు మిల్లులు, చీరాల, గుంటూరుల్లో పొగాకు కంపెనీలు, కోర్టులు, కాలేజీలు ఊరిలోకి బయటి మనుషులను తెచ్చాయి. సరుకు అమ్ముకోవడానికి వచ్చిన రైతు, కొనడానికి వచ్చిన వర్తకుడు, గుమస్తా, లారీ డ్రైవరు, గదిలో అద్దెకుండే విద్యార్థి అందరికీ పూట గడవాలి. శాకాహారానికి ‘విలాస్’, ‘భవన్’ పేర్లతో హోటళ్లు, మాంసాహారానికి మిలిటరీ హోటళ్లు, నెలవారీ చందాకు మెస్సులు వెలిశాయి. గుంటూరులో శంకర్ విలాస్ హోటల్ పేరు కూడలికీ, దాని పక్కన రైలు పట్టాల మీది వంతెనకూ స్థిరపడిపోయింది. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లు, అడ్డరోడ్ల లెక్కన సాగే వీధుల్లో ఆస్పత్రులు, హాస్టళ్లు, కోచింగు సెంటర్లు పెరిగే కొద్దీ మెస్సులూ పెరిగాయి. కలకత్తా, మద్రాసు రహదారి నాలుగు వరసలయ్యాక చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు దారి పొడవునా మరో రకం హోటళ్లు పుట్టాయి. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని కూరలు కొనుక్కునే కుటుంబాల కోసం కర్రీ పాయింట్లు వచ్చాయి. కుర్చీలు, బల్లలు, సప్లయర్లు లేకుండా భోజన వ్యాపారం చెయ్యవచ్చని కర్రీ పాయింటు చాలా ముందే చూపించింది. నగరాల్లో క్లౌడ్ కిచెన్ అన్న పేరుతో ఆ ఆలోచన తరవాత వచ్చింది.

మిరప: రుచికీ లెక్కకూ మూలం

మిరప ఈ నేలది కాదు, థాయ్‌లాండ్‌దీ కాదు. అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వారు 1510లో గోవాను, 1511లో మలక్కాను పట్టుకున్నాక సముద్ర వ్యాపారంతో పాటు ఇటూ అటూ చేరింది. అంతకు ముందు మన వంటలో కారం అంటే మిరియాలు, పిప్పళ్లు. నాలుగైదు వందల ఏళ్లలో ఈ రెండు దేశాల వంట మిరప లేకుండా ఊహించలేనంతగా మారింది. అయితే అక్కడ పచ్చి, ఎండు మిరపకాయలను ఎక్కువగా ముద్దగా నూరి వాడతారు. ఇక్కడ ఎండబెట్టి పొడి కొట్టడం ప్రధానం. పొడి నిలవ ఉంటుంది, తూకానికి వస్తుంది, దూరం వెళుతుంది. హోటల్ విస్తరణకు ఇది చాలా పెద్ద సౌకర్యం.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలో అతి పెద్ద ఎండుమిర్చి మార్కెట్టుగా పేరుపొందింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల మీద ఎండిన కాయ టిక్కీల్లో, అంటే బస్తాల్లో, యార్డుకు చేరుతుంది. అక్కడ దాన్ని తేజ, 334, 341, బ్యాడిగి, నంబర్ 5, ఆర్మూరు అని రకాల పేర్లతో బేరం చేస్తారు. 334 గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన రకం. రంగు పోయి తెల్లబడిన తాలు కాయను విడదీసి వేరే ధరకు అమ్ముతారు. నిలవ చెయ్యదలచుకున్నది శీతల గిడ్డంగుల్లోకి వెళుతుంది. బయటికి వచ్చాక దాన్ని ఏసీ సరుకు అంటారు. గుంటూరు సన్నం అనే రకానికి భౌగోళిక గుర్తింపు ఉంది. దాని ఘాటు స్కోవిల్ కొలతలో సుమారు 35,000 నుంచి 40,000. తేజ ఘాటు అంతకు బాగా ఎక్కువ. బ్యాడిగి ఘాటు తక్కువ, రంగు చిక్కన.

వంటమాస్టర్‌కు ఈ తేడాలు తెలియకపోతే హోటల్ నిలవదు. వేపుడు ఎర్రగా కనబడాలి, కానీ నోరు మండిపోకూడదు. పచ్చడి మండాలి, కానీ చేదెక్కకూడదు. అందుకే అనుభవం ఉన్నవారు ఒకే రకం కాయతో కారం పట్టించరు. రంగుకు ఒకటి, ఘాటుకు ఒకటి, రుచికి ఒకటి కలుపుతారు. ఆ పాళ్లు ఆ హోటల్ సొంత ఆస్తి. తొడిమలు తీశారా లేదా, కాయలో తేమ ఎంత, గింజ ఎంత, మర పట్టేటప్పుడు పొడి వేడెక్కిందా అన్నవి కూడా రుచిని మారుస్తాయి. కొత్త కాయ కారం, వర్షాకాలంలో తీసిన ఏసీ కాయ కారం ఒకలా ఉండవు. ఏడాది పొడవునా, నాలుగు ఊళ్లలో ఒకే రుచి ఇవ్వాలంటే సీజనులోనే కాయ ఎంచి కొని, గిడ్డంగిలో పెట్టుకుని, ఒకే చోట మర పట్టించి పంపడం తప్ప మార్గం లేదు.

దానికి పెట్టుబడి కావాలి, ధర అదృష్టం కూడా కావాలి. మిర్చి ధర ఒక ఏడాదికీ మరో ఏడాదికీ పొంతన లేకుండా ఊగుతుంది. 2023లో మేలు రకాలు క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికాయి. 2025 ఆరంభానికి ధర ఎంత పడిపోయిందంటే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర, 2.91 లక్షల టన్నుల పరిమితి ప్రకటించవలసి వచ్చింది. పళ్లెం ధరలో కారం వాటా చిన్నదే. బియ్యం, నూనె, మాంసం, గ్యాసు దానికన్నా పెద్దవి. అయినా మిర్చి ధర పడిన ఏడాది పల్లెల్లో చేతిలో డబ్బు ఆడదు. పండగ పూట కుటుంబంతో ఊళ్లోకి వచ్చి భోంచేసే రైతు రావడం మానేస్తాడు. ఈ మైదానంలో హోటల్ గల్లాపెట్టె రైతు జేబుతో ముడిపడి ఉంటుంది. పత్తి, మిర్చి బాగా అమ్ముడైన వేసవికీ, అమ్ముడు కాని వేసవికీ తేడా వ్యాపారులకు బాగా తెలుసు.

గల్లాపెట్టె దగ్గర

మామూలు భోజనశాల లాభం బల్ల తిరగడంలో ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఒక్కో కుర్చీలో ఎంతమంది కూర్చున్నారన్నదే అసలు లెక్క. వంటసరుకు ఖర్చు అమ్మకంలో మూడో వంతు దాటితే యజమానికి నిద్ర పట్టదు. అన్నం అడిగినంత వడ్డించే చోట ఈ లెక్క మరీ సున్నితం. పెరుగు, నెయ్యి, పచ్చడి దగ్గర చెయ్యి బిగిస్తే వచ్చేవాడు ఆ మాట నలుగురికీ చెబుతాడు. వదిలేస్తే మిగిలేది లేదు. అనుభవం ఉన్న హోటల్‌వాళ్లు మొదట పొడి, నెయ్యి ధారాళంగా వడ్డిస్తారు. ఆకలి అక్కడ సగం తీరుతుంది, మర్యాద దక్కిందన్న తృప్తీ కలుగుతుంది.

చట్టం వైపు చూస్తే, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ప్రతి చిరునామాకూ విడిగా నమోదో లైసెన్సో ఉండాలి. ఒకే పేరుతో రెండో ఊళ్లో తెరిచినా అదే నియమం. పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు, అగ్నిమాపక అనుమతి వేరు. 2017 నవంబరు 15 నుంచి సాధారణ రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం. దానికి ప్రతిగా కొన్న సరుకు మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు. కొత్త శాఖ పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. వంటగది యంత్రాల మీద, లోపలి అలంకరణ మీద, అద్దె మీద కట్టిన పన్నంతా ఖర్చు కింద పోతుంది. 2022 జనవరి 1 నుంచి డెలివరీ యాప్‌ల ద్వారా వచ్చే ఆర్డర్లకు ఆ యాప్ సంస్థలే జీఎస్టీ వసూలు చేసి కడుతున్నాయి. పన్ను తలనొప్పి తగ్గింది, కమీషను భారం తగ్గలేదు. అమ్మకంలో అయిదో వంతు, కొన్నిచోట్ల అంతకు మించి కమీషను పోతే, అడిగినంత అన్నం పద్ధతి పార్శిల్లో నిలవదు. బిర్యానీ విస్తరించినంత తేలిగ్గా భోజనం విస్తరించకపోవడానికి ఇది ఒక కారణం. బిర్యానీ ఒక్క డబ్బాలో ఇమిడిపోతుంది. భోజనానికి పది డబ్బాలు కావాలి.

రెండో ఊరు

ఈ మైదానపు వంటకు మొదటి పెద్ద పరాయి ఊరు బెంగళూరు. 1984లో రెసిడెన్సీ రోడ్డులో తెరిచిన నాగార్జున అరిటాకు భోజనంతో, కోడి వేపుడుతో అక్కడివారికి ఆంధ్ర రుచిని అలవాటు చేసింది. నాగార్జున, అమరావతి అన్న కృష్ణాతీరపు పేర్లు బెంగళూరు, మద్రాసుల్లో హోటల్ బోర్డుల మీదికి ఎక్కాయి. తెలుగు తెలియని జనం కూడా మధ్యాహ్నం వరసలో నిలబడి, తెలియని మనుషులతో బల్ల పంచుకుని, పప్పు, గోంగూర, పొడి, నెయ్యి తినడం నేర్చారు. ఢిల్లీలో ఆంధ్రా భవన్ క్యాంటీను ఆ పనే చేసింది. అది వ్యాపార శాఖ కాకపోయినా ఉత్తరాదికి మన భోజనాన్ని దానికి మించి పరిచయం చేసిన చోటు మరొకటి లేదనవచ్చు.

విస్తరించేవాడికి పేరు ఎంత ఆస్తో చెప్పే తీర్పు కూడా బెంగళూరు నుంచే వచ్చింది. 1989 నుంచి నందిని డీలక్స్ అన్న పేరుతో ఆంధ్ర తరహా రెస్టారెంట్లు నడుస్తున్నాయి. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి నందిని పేరుతో పాలు అమ్ముతోంది. రెస్టారెంటువారు తమ గుర్తును నమోదు చేసుకోబోతే సమాఖ్య అడ్డుపడింది. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి సుప్రీంకోర్టు చేరింది. 2018 జులై 26న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం రెస్టారెంటు పక్షాన తీర్పు చెప్పింది. సరుకులు వేరు, గుర్తుల రూపం వేరు, పాలు, పాల పదార్థాలకు ఆ పేరు వాడకపోతే చాలునన్నది సారాంశం. దేవతల పేర్లు, నదుల పేర్లు, ఊరి పేర్లు బోర్డుకెక్కించే మన హోటల్‌వాళ్లు రెండో శాఖ తెరవకముందే చదవవలసిన తీర్పు ఇది. ఒక ఊళ్లో పేరు ఎవరిదైనా ఫర్వాలేదు. రెండో ఊళ్లో అదే పేరు అప్పటికే ఎవరో పెట్టుకుని ఉంటారు.

మొదటి శాఖను యజమాని తన కళ్లతో నడుపుతాడు. పొద్దున్నే కూరగాయల మార్కెట్టుకు తానే వెళతాడు, పచ్చడి తానే నాలిక మీద వేసుకుంటాడు, గల్లా దగ్గర తానే కూర్చుంటాడు. రెండోది సాధారణంగా తమ్ముడో బావమరిదో చూసుకుంటాడు. కష్టమంతా మూడో దాంట్లో. అక్కడికి కుటుంబంలో పంపడానికి మనిషి మిగలడు. అప్పటిదాకా మాస్టర్ చేతిలో ఉన్న వంటను కాగితం మీదికి, తూకంలోకి తేవలసి వస్తుంది. పొడులు, పచ్చళ్లు, మసాలా ముద్దలు ఒకే బేస్ కిచెన్‌లో చేసి పంపి, తాలింపు, వేపుడు, అన్నం మాత్రం శాఖల్లో చేస్తే రుచి చాలావరకు నిలుస్తుంది. దాన్ని కాదని అన్నీ ఒకచోటే వండి వ్యానులో పంపినచోట వేపుడు మెత్తబడుతుంది, పప్పు గడ్డ కడుతుంది. ఫ్రాంచైజీ ఇచ్చేవాళ్లకు ఇంకో చిక్కు. డబ్బు పెట్టినవాడికి వంట మీద ప్రేమ ఉండాలని నియమం లేదు. చౌక నూనె, పాత కారం వాడితే చెడేది అసలు యజమాని పేరు.

సికింద్రాబాదులో 1953లో సినిమా హాలు క్యాంటీనుగా మొదలైన ప్యారడైజ్ గొలుసు హోటళ్లుగా మారడానికి దశాబ్దాలు పట్టింది. మిరప మైదానం నుంచి అంత పెద్ద గొలుసు పుట్టలేదు. ఇక్కడి కారం, ఇక్కడి వంటమాస్టర్లు, ఇక్కడి పేర్లు ఊరు దాటి వెళ్లాయి గానీ, పెద్ద పెట్టుబడి, పెద్ద అద్దెల లెక్క, ఐటీ జీతాల గిరాకీ బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. లాభం కూడా అక్కడే నిలిచింది.

థాయ్ దారి

2002లో థాయ్ ప్రభుత్వం తమ దేశాన్ని ప్రపంచపు వంటగదిగా నిలపాలని పథకం మొదలుపెట్టింది. అప్పటికి విదేశాల్లో సుమారు 5,500 థాయ్ రెస్టారెంట్లు ఉండేవి. 2018కి 15,000 దాటాయి. తీసుకున్న పనులు చాలా వివరంగా ఉన్నాయి. విదేశంలో హోటల్ పెట్టేవాడికి ఎగుమతి దిగుమతి బ్యాంకు అప్పు ఇచ్చింది. మూడు నమూనాలు తయారుచేశారు: త్వరగా, చౌకగా తినిపోయేదానికి ఒకటి, మధ్యతరగతికి ఒకటి, ఖరీదైనదానికి ఒకటి. బోర్డు, బల్లలు, పళ్లేల పట్టిక దాకా ఆ నమూనాల్లో ఉన్నాయి. ప్రమాణాలు పాటించే హోటల్‌కు ‘థాయ్ సెలెక్ట్’ గుర్తు ఇస్తారు. 2005లో న్యూజిలాండ్‌తో చేసుకున్న ఆర్థిక ఒప్పందంతో థాయ్ వంటవాళ్లకు అక్కడ పనిచేసే వీలు దొరికింది. 2014లో థాయ్ సంస్థలు రుచిని కొలిచే యంత్రం కూడా తయారుచేసి చూపించాయి. కూర ముద్దలు డబ్బాల్లో, పొట్లాల్లో దొరకడంతో ఏ ఊళ్లోనైనా కనీసపు రుచికి భరోసా ఏర్పడింది.

ఇదంతా వంటను ఒకే మూసలో పోస్తుందని అభ్యంతరం చెప్పేవారున్నారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. అయినా విదేశపు ఊళ్లో మొదటి హోటల్ తెరిచే సామాన్యుడికి అప్పు, నమూనా, సరుకు, వీసా నాలుగూ ఒకే చోట అందడం ఎంత అండో మన హోటల్‌వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆంధ్ర భోజనానికి ఇలాంటి గుర్తు గానీ, ప్రమాణం గానీ లేదు. ఏ మూలనైనా ‘ఆంధ్రా మెస్’ అని బోర్డు పెట్టి రంగు కలిపిన కోడికూర అమ్మవచ్చు.

గుంటూరులో థాయ్ వంటగది పెట్టేవాడికి దొరికేవి, దొరకనివి చూస్తే ఈ రెండు వంటల చుట్టరికం తెలుస్తుంది. ఎండుమిర్చి, చింతపండు, తాటిబెల్లం, కొబ్బరి, నిమ్మగడ్డి, వేరుశనగ చుట్టుపక్కలే దొరుకుతాయి. గుంటూరు, ప్రకాశం తీరంలో రొయ్యల చెరువులున్నాయి. ఎండురొయ్యలు ఏ సంతలోనైనా ఉంటాయి. దుంపరాష్ట్రం ఆయుర్వేద మూలికల కొట్లో కనిపిస్తుంది, అయితే వంటకు పచ్చి దుంప కావాలి. చేపల ద్రావకం, మక్రూట్ నిమ్మ ఆకు, థాయ్ తులసి నగరాల నుంచి తెప్పించుకోవాలి. పచ్చి బొప్పాయిని రోట్లో దంచే సోమ్ తమ్ మన రోటి పచ్చడి తినేవారికి వెంటనే నచ్చే వంటకం. 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన టామ్ యమ్ రొయ్యల చారు పులుపు, కారం కోరే నాలుకకు పరాయిది కాదు. తీపి, కొబ్బరిపాలు కలిసిన కూరలకు మాత్రం ఇక్కడ గిరాకీ నెమ్మదిగా పెంచుకోవాలి.

సముద్రాల అవతల

అమెరికాలో బావర్చి, గోదావరి వంటి పేర్లతో తెలుగువారి ఫ్రాంచైజీ హోటళ్లు అనేక రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. వాటి తీరును వలస చట్టం చాలావరకు నిర్ణయించింది. థాయ్‌లాండ్‌కు అమెరికాతో ఉన్న ఒప్పందం వల్ల ఆ దేశస్తులు పెట్టుబడి పెట్టి హోటల్ నడుపుకోవడానికి ఈ-2 వీసా పొందవచ్చు. భారతదేశానికి అలాంటి ఒప్పందం లేదు. అందుకని ఒంగోలు హోటల్ యజమాని నేరుగా వెళ్లి డాలస్‌లో రెండో శాఖ తెరవలేడు. అక్కడ తెలుగు హోటల్ పెట్టేవారిలో ఎక్కువమంది ముందుగా చదువుకో, ఐటీ ఉద్యోగానికో వెళ్లి స్థిరపడ్డవారు. నలుగురైదుగురు భాగస్వాములుగా కలిసి డబ్బు పెడతారు. డబ్బుకు లోటు ఉండదు, చెయ్యి తిరిగిన వంటమాస్టర్‌కే కరువు. మెనూల్లో బిర్యానీ ముందుకు రావడం, అరిటాకు భోజనం శనాదివారాలకు పరిమితం కావడం ఈ కరువు వల్లే.

అక్కడి వంటగదులకు కారం, పచ్చళ్లు, పొడులు ఇక్కడి నుంచి వెళతాయి. అమెరికాకు ఆహారం పంపే తయారీదారు ఆ దేశపు ఆహార ఔషధ సంస్థ వద్ద నమోదై ఉండాలి. యూరప్‌లో ఎండుమిర్చికి బూజు విషమైన అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదు. 2003లో యూరప్‌లో భారత మిర్చి ఉత్పత్తుల్లో సూడాన్ రంగు బయటపడ్డాక సుగంధ ద్రవ్యాల బోర్డు ఎగుమతి సరుకుకు పరీక్ష తప్పనిసరి చేసింది. బూజు కల్లం మీదే మొదలవుతుంది. తడి నేల మీద ఎండబెట్టిన కాయ, మంచు పడ్డ కాయ పరీక్షలో పోతుంది. టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టి, తాలు ఏరి, పురుగుమందు వాడకం తగ్గించిన రైతు దగ్గర నేరుగా కొంటే మర పట్టించిన కారం నిలకడగా పరీక్షల్లో నెగ్గుతుంది. మిర్చి ఎగుమతి చేసేవారు కొందరు ఇప్పటికే అలా ఊళ్లవారీగా రైతులతో ముందస్తు ఒప్పందాలు చేసుకుంటున్నారు. హోటళ్లు ఆ పద్ధతిని అందుకుంటే మంచి కాయ పండించిన రైతుకు యార్డు ధర మీద నాలుగు రూపాయలు ఎక్కువ దక్కుతాయి.